విలియమ్స్‌బర్గ్ రెండు రోజులు: పదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, ఇద్దరు పెద్దవాళ్లు. ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

వేపపూత

నమస్తే అండీ. జులై రెండో వారంలో వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ (18వ శతాబ్దపు ఊరిని మళ్లీ నిలబెట్టి చూపించే చోటు) వెళ్దామనుకుంటున్నాం. హెర్న్‌డన్ నుంచి మినీవ్యాన్‌లో బయల్దేరతాం. ఆరుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, మావయ్యగారు. శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలి.

బాబు ఈ ఏడు స్కూల్లో వర్జీనియా చరిత్ర చదివాడు, వాడి కోసమే ఈ ప్రయాణం. పాపకి గుర్రాలు కనపడితే చాలు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు.

వీధిలో తిరగడానికి డబ్బులక్కర్లేదు, టికెట్ దండగ అని కొందరంటున్నారు. నిజమేనా? పక్కనే ఉన్న చారిత్రక ఊళ్లు జేమ్స్‌టౌన్, యార్క్‌టౌన్, రైడ్ల పార్కు బుష్ గార్డెన్స్ కూడా ఇందులోనే కానివ్వొచ్చా? ఎండకి పెద్దవాళ్లు తట్టుకుంటారా? తిండి ఎలా?

తూర్పుగాలి

ముందు టికెట్ సంగతి. డ్యూక్ ఆఫ్ గ్లౌస్టర్ స్ట్రీట్ మామూలు ఊరి వీధే. ఈ చివర నుంచి ఆ చివరకి ఇంచుమించు మైలు. ఎవరైనా నడవొచ్చు, గుర్రబ్బగ్గీలు చూడొచ్చు, దుకాణాల్లో కొనుక్కోవచ్చు. టికెట్ దండగ అనేవాళ్లు చెప్పేది అంతవరకే. కమ్మరి కొలిమి, పీపాలు చేసేచోటు, అచ్చాఫీసు, గవర్నర్ ప్యాలెస్, జైలు, ఇవన్నీ టికెట్ ఉంటేనే లోపలికి. టికెట్ లేకపోతే పిల్లలు చూసొచ్చేది గోడలు, కంచెలు. మీవాడి కోసం వెళ్తున్నారు కాబట్టి కొనండి. ఆరేళ్లలోపు పిల్లలకి అక్కర్లేదు, మీకు ఐదు టికెట్లు చాలు. ఒక్కరోజుదానికీ, ఎక్కువ రోజులు చెల్లేదానికీ ధరలో తేడా ఎంతుందో బయల్దేరే ముందు వాళ్ల సైట్‌లో చూసుకోండి. ఆదివారం కూడా ఒక పూట అక్కడే ఉండేట్టయితేనే రెండోది.

వెళ్లే ముందు బాబుకి ఒక్క ముక్క చెప్పి తీసుకెళ్లండి. ఈ ఊరు 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి తరలిపోయాక ఊళ్లో సందడి తగ్గింది. కొత్త కట్టడాలు పెద్దగా రాకపోవడంతో పాతవి కొన్ని మిగిలాయి. 1926లో అక్కడి చర్చి పాస్టర్ గుడ్విన్, జాన్ డి. రాక్‌ఫెలర్ జూనియర్‌ని ఒప్పించి పునరుద్ధరణ మొదలుపెట్టించారు. ఇప్పుడున్నది 301 ఎకరాలు. అందులో 18వ శతాబ్దంలో కట్టి ఇప్పటికీ నిలిచినవి 89. మిగతావన్నీ పునాదులు తవ్వి, పాత కాగితాలు, బొమ్మలు చూసి మళ్లీ కట్టినవి. ప్యాలెస్, క్యాపిటల్ (ఆనాటి శాసనసభ భవనం) రెండూ 1934లో తెరిచిన కట్టడాలే. ప్రతి గుమ్మం దగ్గరా "ఇది అసలుదా, మళ్లీ కట్టిందా? మీకెలా తెలిసింది?" అని బాబుని అడగమనండి. అక్కడివాళ్లు ఆ ప్రశ్నకి ఎంతో ఇష్టంగా జవాబు చెప్తారు. స్కూలు పుస్తకంలో దొరకనిది అదే.

శనివారం పొద్దున తలుపులు తీసే వేళకే విజిటర్ సెంటర్‌లో ఉండండి (ఐ-64 మీద 238 ఎగ్జిట్, పార్కింగ్ ఉచితం). పెద్దవాళ్లనీ పాపనీ బస్సెక్కించండి. బాబుని తీసుకుని ఒకరు కాలిబాట వంతెన మీదుగా నడవండి, పావుగంట. వంతెన నేలలో కంచు పలకలు వరసగా ఉంటాయి. ఒక్కోటి దాటేకొద్దీ కాలంలో వెనక్కి వెళ్తారు: ఆడవాళ్లకి ఓటు లేని రోజులు, ఇంకా వెనకటి రోజులు. పరిగెత్తకుండా ఒక్కోటీ వాడిచేత చదివించండి.

మొదట ప్యాలెస్. అక్కడ గైడు జట్లు జట్లుగా తీసుకెళ్తారు. ఎండెక్కాక వరస పెరుగుతుంది, పొద్దున్నే అయితే సులువు. ముందు హాల్లో గోడల నిండా తుపాకులు, కత్తులు చక్రాల్లా అమర్చి ఉంటాయి. మెట్లెక్కి పైఅంతస్తుకి వెళ్లాలి, అత్తయ్యగారు వెనక తోటలో నీడన కూర్చుంటే మేలు. ఆ తోటలోనే గుబురు కంచెల చిక్కుదారి ఉంది, పాప అరగంట అందులోనే తిరుగుతుంది. 1781లో ఈ ప్యాలెస్‌ని యార్క్‌టౌన్ యుద్ధంలో గాయపడ్డవాళ్లకి ఆసుపత్రి చేశారు. చనిపోయిన 156 మంది సైనికుల సమాధులు ఆ తోటలోనే ఉన్నాయి.

తర్వాత పనివాళ్ల దగ్గరికి. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. ఇరవై చోట్లున్నాయి కదా అని ఒక్కోచోట ఐదు నిమిషాలు నిలబడి పరిగెడతారు. మధ్యాహ్నానికి పిల్లలు ఏడుపు, పెద్దలు విసుగు. రోజుకి నాలుగే ఎంచుకోండి. ఒక్కోచోట ఒక పని మొదలై ఒక దశ పూర్తయ్యేదాకా ఉండండి. పీపాలవాడినే తీసుకోండి. తెల్ల ఓక్ చెక్కల్ని రెండు చేతుల కత్తితో చెక్కి, అంచుల్ని ఏటవాలుగా తీస్తాడు. అన్నిటినీ నిలబెట్టి ఒక చివర పట్టీ బిగిస్తాడు. లోపల ఇనప గంపలో చెక్కపొట్టు మంట పెడతాడు. చెక్క తడిసి, వేడెక్కి, మెత్తబడ్డాక రెండో చివర దగ్గరకి లాగి పట్టీ వేస్తాడు. జిగురు లేదు, మేకు లేదు. మరి నీళ్లు ఎందుకు కారవు? అంచుల కోణం సరిగ్గా కుదిరినందుకు, నీళ్లు తగిలి చెక్క ఉబ్బినందుకు. ఈ జవాబు బాబు కళ్లతో చూసి తనే చెప్పాలి, అప్పటిదాకా ఆగండి.

రెండోది ఇటుకల చోటు. ఎండాకాలంలో గుంటలో బంకమన్ను, నీళ్లు కలిపి పిల్లలచేత కాళ్లతో తొక్కిస్తారు. తువ్వాలు, ఒక జత బట్టలు, కాళ్లు కడగడానికి ఒక నీళ్ల సీసా పట్టుకెళ్లండి. మన్నుని చెక్క అచ్చులో వేసి, ఇసక చల్లి, ఎండబెడతారు. బట్టీ కాల్చేది శరత్కాలంలో, ఆ దృశ్యం జులైలో ఉండదు. మన ఊళ్ల ఇటుక బట్టీలు చూసిన మావయ్యగారిని పక్కన నిలబెట్టి మాట్లాడమనండి. అక్కడి పనివాళ్లు కూడా చెవులప్పగించి వింటారు. కమ్మరి కొలిమి, మగ్గం దగ్గరా అంతే. తాతయ్య, నాయనమ్మ ఆ పనులు చూస్తూ పెరిగినవాళ్లు. పిల్లలకి సగం వివరణ వాళ్లే ఇవ్వగలరు, మీరు మధ్యలో తెలుగు, ఇంగ్లీషు కలిపితే చాలు.

ఇంకో రెండు: అచ్చాఫీసు, విగ్గులు చేసేచోటు. విగ్గుకి మనిషి వెంట్రుకలే కాదు, గుర్రానివి, మేకవి, జడలబర్రెవి కూడా వాడతారు. ఏ దుకాణం ఏ రోజు తెరుస్తారో మారుతూ ఉంటుంది. ముందురోజు రాత్రి వాళ్ల యాప్‌లో ఆ రోజు పట్టిక చూసి నాలుగూ ఖాయం చేసుకోండి. పాత జాబితాలు పట్టుకెళ్తే మూసిన తలుపుల దగ్గర నిలబడతారు.

ఒక మాట పిల్లలకి ముందే చెప్పాలి. పనివాళ్లు ఆనాటి బట్టలు వేసుకున్నా ఇప్పటి మనుషుల్లాగే మాట్లాడతారు, ఏదైనా అడగొచ్చు. జెఫర్సన్, వాషింగ్టన్, పాట్రిక్ హెన్రీ లాంటి స్వాతంత్ర్య పోరాట నాయకుల వేషాల్లో ఉన్నవాళ్లు మాత్రం ఆ కాలం దాటి బయటికి రారు. "నీకు ఫోన్ ఉందా?" అని అడిగితే మాట అక్కడే ఆగిపోతుంది. "రాజుగారి మీద మీకెందుకు కోపం?" అని అడిగితే పదినిమిషాలు కదలనివ్వరు.

పన్నెండున్నర నుంచి నాలుగు దాకా వీధిలో ఉండకండి. అప్పుడు పాప నిద్ర, పెద్దల విశ్రాంతి. నాలుగు తర్వాత కోర్టు దగ్గరికి. అక్కడ విచారణ నడిపేటప్పుడు చూసేవాళ్లలోంచే కొందరికి పాత్రలిస్తారు, బాబుని ముందు బెంచీలో కూర్చోబెట్టండి. ఫైఫ్ అండ్ డ్రమ్స్ (పిల్లనగ్రోవులు, డోళ్ల బృందం) కవాతు వేళ పట్టికలో ఉంటుంది, దాన్ని వదలొద్దు. వాయించేది పది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలే. మీవాడి ఈడువాళ్లు కూడా ఉంటారు.

మజ్జిగముంత

ఎండ, నడక, తిండి గురించి నేను రాస్తాను.

జులైలో పగలు 88, 90 డిగ్రీలుంటుంది. అంకె చూసి గుంటూరువాళ్లకి ఇదో లెక్కా అనుకోకండి. అది ఫారెన్‌హీటే గానీ ఉక్క మాత్రం అచ్చం బెజవాడదే, చెమట ఆరదు. వీధి వెంట చెట్లున్నాయి, నీడ వైపే నడవండి. కొలిమిలాంటి చోట్ల లోపలే ఎక్కువ వేడి. చల్లటి చోటు కావాలంటే నాసౌ స్ట్రీట్ వైపున్న ఆర్ట్ మ్యూజియంలు. రెండూ ఒకే కట్టడంలో ఉన్నాయి, ఏసీ, లిఫ్టు, కేఫ్ ఉన్నాయి. టికెట్‌లో అవీ వస్తాయి. మధ్యాహ్నం అక్కడే గడపండి. హోటల్ దగ్గరైతే అదీ మంచిదే.

మోకాళ్లకి అసలు కష్టం దూరం కాదు, మెట్లు. చాలా ఇళ్లకి గుమ్మం ముందే రెండు మూడు మెట్లుంటాయి, కొన్నిటికి కమ్మీ ఉండదు. ఇటుకల కాలిబాట ఎగుడుదిగుడు. చేతికర్ర తెచ్చుకోండి. వీల్‌చైర్ కావాలంటే ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. చిన్న చక్రాల, గొడుగులా మడిచే స్ట్రోలర్ తేకండి, ఇటుకల సందుల్లో, గులకరాళ్ల దారుల్లో ఇరుక్కుంటుంది. పెద్ద చక్రాలది తెచ్చినా చాలా కట్టడాల్లోకి రానివ్వరు, బయట వదలాలి. పాస్‌పోర్టులు, మందులు అందులో పెట్టొద్దు. అత్తయ్యగారికి విజిటర్ సెంటర్ బస్సే దారి. ఊరి చుట్టూ ఆగుతూ తిరుగుతుంది, ఏ స్టాపులో దిగితే ఏ కట్టడం దగ్గరో మ్యాపులో గుర్తు పెట్టుకోండి.

తిండి విషయంలో జాగ్రత్తగా ఉండాలి. అక్కడి టావెర్న్‌లు (పాతకాలపు పూటకూళ్ల ఇళ్లు) ఆనాటి పద్ధతిలో వడ్డిస్తాయి, పిల్లలకి ఒకసారి చూపించాల్సిందే, ముందే బుక్ చేసుకోండి. కానీ పేరు చూసి శాకాహారమని నమ్మొద్దు. వేరుశెనగ సూప్ అక్కడ పేరున్నది. పాత పద్ధతిలో దాన్ని కోడి ఉడికించిన నీళ్లతో చేస్తారు. ఆకుకూరలు, చిక్కుడుగింజలు పంది మాంసం ముక్క వేసి ఉడికించడం దక్షిణ రాష్ట్రాల అలవాటు. 'పై' అనే వంటకం పిండిపొరలో పంది కొవ్వు కలుస్తుంది. "వెజిటేరియనా?" అని అడిగితే ముక్కలు లేవు కాబట్టి అవునంటారు. "రసం దేంతో కాచారు? ఏ కొవ్వు వాడారు? గుడ్డు ఉందా?" అని విడివిడిగా అడగండి. బేకరీలో అల్లం బిస్కెట్లకీ అదే ప్రశ్న.

వంటిల్లున్న గది తీసుకుని చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్తే రెండు రోజులూ గడిచిపోతుంది. బయట బెంచీల మీద తినొచ్చు. అయితే పెరుగన్నం సంగతి: వండిన అన్నం మామూలు వేడిలో రెండు గంటలు, 90 డిగ్రీలు దాటితే గంట మించి బయట ఉంచకూడదని ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్తుంది. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఉడికినా చావదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు పెరిగి విషం వదులుతుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. కాబట్టి ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాకే డబ్బాలో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాల మధ్య సర్దండి. సీసాలు కరిగేకొద్దీ తాగడానికీ పనికొస్తాయి. పులిహోర నయమే గానీ దాన్నీ కారులో వదిలేయొద్దు. చపాతీ, పొడి కూర అన్నిటికంటే భద్రం. రెండు ఉప్పేసిన మజ్జిగ ఫ్లాస్కులు మర్చిపోకండి.

దారి: ఐ-95 మీద శుక్రవారం మూడు దాటితే ఫ్రెడరిక్స్‌బర్గ్ దాకా నరకం. మీరు ఆరుగురు కాబట్టి ఈజీపాస్ ఫ్లెక్స్ (కారులో పెట్టుకునే టోలు పరికరం) తీసుకుని దాని మీటని హెచ్‌ఓవీ (ఎక్కువమంది ఉన్న కారు) వైపు జరిపితే ఎక్స్‌ప్రెస్ లేన్ల టోలు పడదు. మీట జరపడం మర్చిపోతే పూర్తి టోలు పడుతుంది, చాలామందికి అదే జరుగుతుంది. మామూలు ఈజీపాస్‌కి ఈ మీట ఉండదు.

మూడుపడవలు

బుష్ గార్డెన్స్ ఈసారికి వదిలేయండి. దానికి పూర్తి రోజు కావాలి, నాలుగేళ్ల పాపకి ఎత్తు చాలని రైడ్లే ఎక్కువ. యార్క్‌టౌన్ కూడా మూడో రోజుంటేనే.

ఆదివారం జేమ్స్‌టౌన్. ఇక్కడ జీపీఎస్‌లో తప్పు జరుగుతుంది. రెండు వేర్వేరు చోట్లున్నాయి. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ అనేది రాష్ట్రం నడిపే పునర్నిర్మాణం. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ (ఇంగ్లీషు స్పెల్లింగులో చివర అదనంగా ఒక 'ఈ' ఉంటుంది) అసలు కోట ఉన్న దీవి, అక్కడ 1994 నుంచి తవ్వకాలు నడుస్తున్నాయి. దీవిలో నేషనల్ పార్క్ రుసుము ఒకటి, ప్రిజర్వేషన్ వర్జీనియా అనే సంస్థ రుసుము ఇంకొకటి. పార్కుల వార్షిక పాస్ మొదటిదానికే చెల్లుతుంది. విలియమ్స్‌బర్గ్ టికెట్ ఈ రెండు చోట్లా పనికిరాదు.

మీ పిల్లల వయసుకి సెటిల్‌మెంట్ సరైనది. ముట్టుకోనిస్తారు. అక్కడి ఆదివాసులైన పవటన్‌ల గ్రామంలో తుంగ చాపలు కప్పిన ఇళ్లలోకి వెళ్లొచ్చు, జింక తోలు గీకొచ్చు. కోటలో ఇనప కవచం వేసి చూపిస్తారు. ఒడ్డున మూడు ఓడల నమూనాలు: సుసాన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీ. వాటిలో ఇంగ్లండు వలసవాళ్లు 1606 డిసెంబరులో లండన్‌లో బయల్దేరి 1607 మేలో ఇక్కడ దిగారు. డిస్కవరీలో వచ్చింది 21 మంది. ఆ ఓడ ఎంతుందో బాబుచేత అడుగులతో కొలిపించండి, నాలుగున్నర నెలలు అంటే ఏమిటో అర్థమవుతుంది. లోపలి నిచ్చెన నిటారుగా ఉంటుంది. పాప దిగేటప్పుడు మెట్లకేసి తిరిగి దిగాలి, పెద్దవాళ్లొకరు ముందు కింద నిలబడాలి. ఓడల్ని ఒక్కోసారి మరమ్మతుకి తీసుకెళ్తారు, వెళ్లే ముందు చూసుకోండి.

విలియమ్స్‌బర్గ్ నుంచి కలోనియల్ పార్క్‌వే మీదుగా తొమ్మిది పది మైళ్లు. వేగం 45 మించకూడదు, గీతలు లేని రోడ్డు, పెట్రోలు బంకులు ఉండవు. బాగుచేయడానికి కొన్ని భాగాలు మూస్తుంటారు. సెటిల్‌మెంట్ అయ్యాక పక్కనే ఉన్న ఫెర్రీ ఎక్కండి. కారుతో సహా జేమ్స్ నది దాటిస్తుంది, రుసుము లేదు. అటు వెళ్లి ఇటు వచ్చేయండి. సముద్రపు పక్షులు ఓడ వెంట వస్తాయి. పెద్దవాళ్లకి నడక లేకుండా నది చూసినట్టవుతుంది.

మావయ్యగారికి ఒక్క మాట చెప్పండి. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన సైన్యం బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్‌ది. అదే మనిషి ఐదేళ్లకి మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టింది ఆయనే. మన సర్కారు జిల్లాల జమీందారీలకి ఆ పద్ధతే తర్వాత వచ్చింది.

వేపపూత

అందరికీ చాలా థాంక్సండీ. బుష్ గార్డెన్స్ తీసేశాం. రెండు అనుమానాలు మిగిలాయి. పాపకి పెద్ద శబ్దాలంటే భయం, తుపాకులు పేల్చేచోట ఏం చేయాలి? బానిసత్వం గురించి అక్కడ ఎంతవరకు చెప్తారు? బాబుతో ముందే మాట్లాడాలా?

చిరివేరు

మాట్లాడాలి. అమెరికా విప్లవం నాటికి ఆ ఊళ్లో సగం మందికి పైగా నల్లవాళ్లు, వాళ్లలో దాదాపు అందరూ బానిసలు. ఈ సంగతి తెలియకుండా ప్యాలెస్ చూస్తే వెండి పళ్లాలే కనపడతాయి. ఇళ్ల వెనక విడిగా కట్టిన వంటిళ్లున్నాయి కదా, మంట భయానికీ వేడికీ అలా కట్టారు. అక్కడ నిలబడి "ఇక్కడ వండింది ఎవరు? వాళ్లకి జీతం ఉండేదా?" అని అడగమనండి. అక్కడివాళ్లు దాచకుండా చెప్తారు. బాబుకి రెండు పేర్లు ముందే చెప్పండి. జేమ్స్ లఫాయెట్ బానిసగా ఉంటూనే యార్క్‌టౌన్ పోరులో గూఢచారిగా పనిచేసి, 1787లో విముక్తి పొందాడు. గోవన్ పాంఫ్లెట్ టావెర్న్‌లో పనిచేస్తూ బోధకుడయ్యాడు. వీళ్ల వేషంలో ఉన్నవాళ్ల ప్రదర్శన పట్టికలో ఉంటే అదే మొదట పెట్టుకోండి. బ్రే స్కూల్ కూడా. 1760 నుంచి 1774 వరకు నల్ల పిల్లలకి చదువు చెప్పిన బడి అది. కట్టడాన్ని 2020లో గుర్తుపట్టి, 2023లో యథాతథంగా కదిలించి తీసుకొచ్చారు. ఆ పిల్లల ఈడు మీ పిల్లల ఈడే. పాపకి రెండు వాక్యాలు చాలు: "వాళ్లచేత పని చేయించుకుని డబ్బులిచ్చేవాళ్లు కాదు. అమ్మ దగ్గర్నుంచి పిల్లల్ని వేరు చేసేవాళ్లు. అది చాలా తప్పు."

ఆడవాళ్ల బట్టలు కుట్టే మిలినర్ దుకాణం వదలొద్దు. అక్కడ చింట్జ్ అనే పూల అద్దకం నూలుబట్ట గురించి అడగండి. ఆనాడు అలాంటివి మన కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం వైపు నుంచి వెళ్లేవి. పటిక పెట్టి, చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం ఎక్కించేవాళ్లు. ఉతికినా రంగు పోకపోవడం చాలాకాలం యూరప్‌కి చేతకాని విద్య. సొంత నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఇంగ్లండు 1721లో ఇలాంటి అద్దకపు నూలుబట్టల్ని తన దేశంలో వాడకూడదని చట్టం చేసింది. వలసలకి ఎగుమతికి మాత్రం అడ్డు పెట్టలేదు. అలా వర్జీనియా ఇళ్లకి చేరాయి. అత్తయ్యగారు ఒక కలంకారీ చీరో, చున్నీయో వెంట తెచ్చుకుంటే ఆ దుకాణంలో పక్కన పెట్టి చూపించొచ్చు. పువ్వు అంచుల్లో నల్లగీత, దాని లోపల ఎరుపు, ఆ వరస పిల్లలు వెంటనే గుర్తుపడతారు.

శబ్దం సంగతి: చెవుల మీద పెట్టే పిల్లల మఫ్స్ కొనండి. దూది సరిపోదు. ఇంట్లోనే రెండు రోజులు పెట్టి అలవాటు చేయండి, అక్కడ మొదటిసారి పెడితే పీకేస్తుంది. తుపాకీ పేల్చే ముందు పెద్దగా ఆజ్ఞలు అరుస్తారు, ఆ అరుపు వినగానే పెట్టేయొచ్చు. అడ్డంగా కట్టిన తాడుకి కనీసం యాభై అడుగులు వెనక నిలబడండి, కట్టడాల మధ్య సందులో మాత్రం వద్దు, మోత గోడలకి కొట్టుకుని రెట్టింపు వినిపిస్తుంది. కవాతు డోళ్లు కూడా దగ్గరగా గట్టిగానే ఉంటాయి. వీధి మధ్యలో ఎదురుగా కాకుండా, కవాతు దాటిపోయాక వెనకాల నడిస్తే పాప కూడా అడుగులు కలుపుతుంది.